బీరువా ఎక్కిన డ్రోన్

ప్రశ్న: మాది పశ్చిమ గోదావరి జిల్లా, తణుకు దగ్గర పల్లె. సహకార బ్యాంకులో ఉద్యోగం, వయసు 46. పోయిన దసరాకు ఒక స్నేహితుడి దగ్గర 250 గ్రాముల లోపు బరువున్న చిన్న కెమెరా డ్రోన్ కొన్నాను. మొదటి నెల రోజూ ఎగరేశాను. మా ఇల్లు, గుడి, కాలువ, పొలాలు అన్నీ పైనుంచి తీసేశాను. ఇక తీయడానికి ఏమీ కనిపించడం లేదు. ఇప్పుడది బీరువాలో పట్టుచీరల పక్కన పడి ఉంది. "డబ్బు గాల్లో ఎగరేయడమంటే ఇదే" అని మా ఆవిడ రోజుకోసారైనా అంటోంది. పదమూడేళ్ల మా అబ్బాయికి కూడా మోజు తీరిపోయింది. దీనితో సరదాగా చేయదగ్గవి ఇంకేమైనా ఉన్నాయా? అమెరికాలో ఉన్న మా బావమరిది వచ్చేటప్పుడు ఇంకా మంచి కెమెరా ఉన్న పెద్దది తెస్తానంటున్నాడు. తెమ్మనమంటారా?
- పేరు రాయవద్దన్న పాఠకుడు

సమాధానం: మీ చివరి ప్రశ్నతోనే మొదలుపెడతాను, బావమరిది ఈపాటికి కొనేసి ఉంటాడేమోనని. తేవద్దని చెప్పండి. విదేశాల్లో తయారైన డ్రోన్ల దిగుమతిని కేంద్ర ప్రభుత్వం 2022 ఫిబ్రవరి 9న నిషేధించింది. పరిశోధన, రక్షణ, భద్రత అవసరాలకు అనుమతి తీసుకుని తెచ్చుకునేవాటికి మాత్రమే మినహాయింపు ఉంది. ఇక్కడినుంచి ఆవకాయ జాడీ అటు దాటినంత సులువుగా డ్రోన్ ఇటు దాటదు. విమానాశ్రయంలో కస్టమ్స్ వాళ్లు దాన్ని పక్కన పెట్టేస్తే మీ బావమరిది ఉత్త చేతులతో దిగుతాడు. ఆ కబురు మీ ఆవిడకు మరో నాలుగేళ్లు పనికొస్తుంది.

పైగా పెద్దది వచ్చినా నెల తిరిగేసరికి అదీ బీరువాకే చేరుతుంది. "అన్నీ పైనుంచి తీసేశాను" అన్నారు. ఎంత పైనుంచో రాయలేదు గానీ ఊహించగలను. డ్రోన్ కొత్తగా చేతికి వచ్చినవాళ్లందరం చేసే పనే మీరూ చేసి ఉంటారు: వంద మీటర్లకు ఎక్కించి, చుట్టూ ఒకసారి తిప్పి, దించేసి ఉంటారు. అంత ఎత్తునుంచి చూస్తే గోదావరి డెల్టాలో ఏ ఊరైనా ఒక్కలాగే ఉంటుంది. పచ్చని చదరాలు, మధ్యలో వెండి గీతలాంటి కాలువ, కొబ్బరి తలలు, ఒక గోపురం. మీ ఊరికే ప్రత్యేకమైన సంగతులు చూడాలంటే కొబ్బరిచెట్టు ఎత్తుకు, అంటే పదిహేను ఇరవై మీటర్లకు, దిగి రావాలి. నేను చెప్పబోయే సరదాలు దాదాపు అన్నీ ఆ ఎత్తులోవే.

ముందు మీ అబ్బాయిని మళ్లీ దారిలోకి తెచ్చుకుందాం. పిల్లలకు ఫోటోలు అక్కర్లేదు, పందెం కావాలి. పెరట్లో భోజనానికి కూర్చునే చెక్కపీట ఒకటి వేయండి. పది అడుగుల దూరంలో నిలబడి డ్రోన్‌ను సరిగ్గా దాని మీద దించాలి. నాలుగు కాళ్లూ పీట మీద ఉంటే పది మార్కులు, ఒక కాలు బయట ఉంటే అయిదు, నేలమీద పడితే సున్నా. స్క్రీన్ చూడకూడదు, కళ్లతో డ్రోన్‌నే చూడాలి. ఇది వచ్చేశాక డ్రోన్ ముఖాన్ని మీ వైపుకు తిప్పి అదే పని చేయండి. అప్పుడు కుడి ఎడమవుతుంది, ఎడమ కుడవుతుంది. అద్దంలో చూసుకుంటూ ఎదుటివాడికి గడ్డం గీసినట్టుంటుంది. ఆ తర్వాత రెండు గుంజలు పాతి వాటి చుట్టూ ఎనిమిది అంకె వేయించండి, కెమెరా ఎప్పుడూ ప్రయాణించే దిక్కునే చూస్తూ ఉండాలి. వారం రోజుల్లో వాడు మిమ్మల్ని ఓడిస్తాడు. అది మాత్రం తప్పించుకోలేరు.

ఈ ఆట డాబా మీద ఆడకండి. శ్లాబులో ఉన్న ఇనుప చువ్వలకు డ్రోన్‌లోని దిక్సూచి తికమక పడుతుంది. పైకి లేచాక ఒకచోట నిలబడకుండా గుండ్రంగా చక్కర్లు కొట్టడం మొదలుపెడుతుంది. మట్టి నేలే మంచిది. ఇంకొకటి, కొబ్బరి తోటల మధ్య ఉన్నవాళ్లు తప్పక చూసుకోవలసింది: బ్యాటరీ అయిపోవస్తున్నప్పుడో సిగ్నల్ తెగినప్పుడో డ్రోన్ తనంతట తాను ఇంటికి తిరిగి వస్తుంది గదా, ఆ తిరిగివచ్చే ఎత్తు ఎంతో సెట్టింగుల్లో ఉంటుంది. నేను దాన్ని పట్టించుకోలేదు. నా మొదటి డ్రోన్ ఇరవై మీటర్ల ఎత్తున నింపాదిగా ఇంటికి వస్తూ వస్తూ, ఎదురుగా ఉన్న చెట్టు మొవ్వులోకి దూరి కూర్చుంది. మూడు రోజులు అక్కడే ఉంది. చివరికి కొబ్బరికాయలు దింపే ఆయన వచ్చినప్పుడు కొడవలితో మట్ట తప్పించి, నడుముకు కట్టుకుని దించాడు. ఫోనులో వీడియో చూపిస్తే ఆయనకేమీ వింతగా అనిపించలేదు. "ఇది నేను రోజూ చూసేదేగా" అన్నాడు. మీ దగ్గర చెట్లు ఎంత ఎత్తున్నాయో చూసుకుని, దానికి ఇంకో పది మీటర్లు కలిపి పెట్టుకోండి.

ఇక అసలు సరదా. నన్నడిగితే తెలుగు పల్లెలో డ్రోన్ కోసమే పుట్టిందా అనిపించే దృశ్యం ముగ్గు. నిలబడి చూసేవాళ్లకు ముగ్గు ఎప్పుడూ ఏటవాలుగానే కనిపిస్తుంది. దగ్గరి చుక్కలు పెద్దవిగా, దూరపు చుక్కలు చిన్నవిగా ఉంటాయి. వేసిన మనిషి కూడా దాన్ని పూర్తిగా, నిటారుగా పైనుంచి ఎన్నడూ చూసి ఉండదు. కెమెరాను నేరుగా కిందికి తిప్పి, ఎనిమిది పది మీటర్ల ఎత్తునుంచి తీసి, ఆ ఫోటో మీ ఆవిడకు చూపించండి. బీరువా సంగతి ఆ పూటకు మరిచిపోతుంది. అంతకంటే కిందికి మాత్రం దింపకండి. డ్రోన్ రెక్కల గాలి కిందికి కొడుతుంది. నేను మొదటిసారి రెండు మీటర్ల ఎత్తులో ఆపితే తామరపువ్వులోని గులాబీ రంగంతా ఆకుల మీదికి వెళ్లిపోయింది. తెల్లవారుజామునుంచి వంగి వేసిన ముగ్గు అది. ఆ ఇంట్లో ఆ రోజు నాకు కాఫీ రాలేదు.

సంక్రాంతికి దీన్ని ఇంకా పెద్దగా చేయవచ్చు. కనుమనాడో ముక్కనుమనాడో వాకిట్లో రథం ముగ్గు వేసి, దాని తాడును పక్కింటి రథానికి కలుపుతారు కదా. ఆ ఇల్లు ఆ పైఇంటికి కలుపుతుంది. అలా వీధి వీధంతా ఒకే తాడు. ఆ తాడు పూర్తిగా కనిపించే ఫోటో మీ ఊళ్లో ఎవరి దగ్గరా ఉండి ఉండదు. ఒక్క ఫోటోలో పట్టాలని ఎత్తుకు పోతే ముగ్గు దారప్పోగులా సన్నబడిపోతుంది. అందుకని కరెంటు తీగలకు బాగా పైన, పదిహేను మీటర్ల దగ్గర ఉండి, వీధి పొడుగునా నెమ్మదిగా సాగుతూ ప్రతి మూడు నాలుగు మీటర్లకు ఒక ఫోటో తీయండి. చివరికి వెళ్లాక కాస్త పక్కకు జరిగి, అలాగే తీసుకుంటూ వెనక్కి రండి. ఓపెన్‌డ్రోన్‌మ్యాప్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ ఉంది, అది ఆ ఫోటోలన్నిటినీ కలిపి ఒకే పొడవాటి పటంగా చేస్తుంది. పెద్ద కాగితం మీద ముద్రించి రామాలయంలో పెట్టండి. తమ వాకిలి ఎక్కడుందో వెతుక్కోని మనిషి ఉండదు.

ఇందులో రెండు చిక్కులున్నాయి. పండుగ రోజుల్లో గాలిపటాలు ఉంటాయి. మాంజా దారం కెమెరాలో కనబడదు, రెక్కకు చుట్టుకుందంటే డ్రోన్ రాయిలా పడుతుంది. పిల్లలు మేడలెక్కకముందే, ఉదయం ఏడులోపు పని ముగించాలి. రెండోది, జనం మీద ఎగరేయకూడదు. ముందురోజే వీధిలో ఇంటింటికీ చెప్పి, పది నిమిషాలు అరుగుల మీద ఉండమనండి. చెప్పి అడిగితే మన పల్లెల్లో కాదనేవాళ్లు తక్కువ. చెప్పకుండా నెత్తిమీద బుయ్యిమంటే మాత్రం కర్ర తీసుకుని వస్తారు, వాళ్ల తప్పు కూడా ఉండదు.

పండుగ ఏడాదికోసారి. మిగతా రోజులకు ఒక దీర్ఘమైన పని అప్పజెబుతాను. మీ పొలాల దగ్గర ఒకచోటు ఎంచుకోండి. కాలువ గట్టు మీద కదలని రాయో, తూము దిమ్మో చూసుకోండి. ప్రతి రెండు వారాలకోసారి అక్కడినుంచే లేపి, సరిగ్గా ముప్ఫై మీటర్ల దగ్గర ఆపి, కెమెరా నిటారుగా కిందికి పెట్టి, ఒకే ఒక్క ఫోటో తీయండి. జీపీఎస్‌ను పూర్తిగా నమ్మకండి, రెండు మూడు మీటర్లు అటూ ఇటూ చూపిస్తుంది. మొదటి ఫోటోను ఫోనులో ఉంచుకుని, దాని నాలుగు మూలల్లో ఉన్న గుర్తులు - ఒక చెట్టు, గట్టు మలుపు, బోదె, స్తంభం - కొత్త ఫోటోలోనూ అక్కడికే వచ్చేలా జరుపుకోండి. ఏడాదికి ఇరవై ఆరు ఫోటోలు. జూన్‌లో కాలువకు నీళ్లు వదలగానే ముదురుగోధుమ రంగు మళ్లు అద్దాలవుతాయి. ఒక మూల నారుమడి మాత్రం చిలకాకుపచ్చగా చతురస్రంలా మెరుస్తుంది. నాట్లు పడ్డాక పదిహేను రోజులు ఏమీ లేనట్టుంటుంది, ఆ తర్వాత ఒక్కసారి కమ్ముకుంటుంది. సార్వా కోతలు, కుప్పలు, మళ్లీ దాళ్వా దమ్ము, వేసవిలో కాలువ కట్టేశాక అడుగున బయటపడే బురద పగుళ్లు. ఈ ఇరవై ఆరింటినీ వరుసగా పెట్టి అరసెకనుకొకటి చొప్పున తిప్పితే పదమూడు సెకన్ల వీడియో అవుతుంది. మీరు నెల రోజుల్లో తీసిన ఫోటోలన్నిటికంటే నేను ఆ పదమూడు సెకన్లే చూస్తాను. రోజూ ఆ గట్టు మీదే నడిచే రైతు కూడా ఆగి చూస్తాడు. ఎవరి మడి ముందు ఈనిందో, ఎవరిది పడిపోయిందో మీకు చెప్పేది ఆయనే.

ఈ వరుసలో ఇంకో తమాషా ఉంది, ఇది మీ అబ్బాయి సైన్సు మాస్టారికి కూడా నచ్చుతుంది. మన ప్రాంతం మీద సూర్యుడు ఏడాదికి రెండుసార్లు సరిగ్గా నడినెత్తిన నిలుస్తాడు. మీ తణుకు దగ్గర మే మొదటి వారం చివర్లో ఒకసారి, ఆగస్టు 5 ప్రాంతంలో మరోసారి. హైదరాబాదుకు అది మే 9, ఆగస్టు 3. ఆ మధ్యాహ్నం పన్నెండు ప్రాంతంలో నిటారుగా ఉన్న వస్తువు నీడ దాని పాదాల కిందికే దూరిపోతుంది. కరెంటు స్తంభాన్నో గుడి ధ్వజస్తంభాన్నో పైనుంచి ఉదయం ఏడింటికొకసారి, పన్నెండుకొకసారి తీసి పక్కపక్కన పెట్టండి. మొదటి దాంట్లో స్తంభం కంటే పొడుగైన నల్లని గీత ఉంటుంది, రెండో దాంట్లో చుక్క కూడా మిగలదు. స్తంభానికి తగినంత దూరంగా, పైన ఉండండి, తీగల మధ్యకు పోకండి. మేలో అయితే నీడలో ఉంచిన డ్రోన్‌ను బయటికి తెచ్చి, రెండు మూడు నిమిషాల్లో పని ముగించి దించేయండి. నలభై డిగ్రీల ఎండ బ్యాటరీకి పడదు. ఆగస్టులో మబ్బు మోసం చేయవచ్చు. అందుకే రెండు అవకాశాలున్నాయనుకోండి.

మీ ఊళ్లో మండువా లోగిలి ఏదైనా మిగిలి ఉందా? ఉంటే ఈ వేసవి దాటకముందే దాని దగ్గరికి వెళ్లండి. పెంకులు దించి డాబా వేసుకుందామని ఆ ఇంటివాళ్లు ఈపాటికే మాట్లాడుకుంటూ ఉంటారు. వాళ్ల అనుమతితో ఇంటి చుట్టూ మూడు ఎత్తుల్లో మూడు ప్రదక్షిణలు చేయించండి. చూరు కంటే కాస్త పైన ఒకటి, ఇంకా పైన కెమెరాను నలభై అయిదు డిగ్రీలు వంచి ఒకటి, బాగా పైన దాదాపు నిటారుగా ఒకటి. ప్రతి రెండు ఫోటోల్లోనూ మూడు వంతుల భాగం ఒకటే కనిపించేంత దగ్గర దగ్గరగా తీయాలి. వంద నుంచి నూట యాభై ఫోటోలవుతాయి. ఇందాక చెప్పిన సాఫ్ట్‌వేర్‌కే రాత్రి పడుకునే ముందు పని అప్పగిస్తే, తెల్లారేసరికి ఆ ఇంటి త్రీడీ నమూనా తయారై ఉంటుంది. వేలితో తిప్పి చూడవచ్చు. మధ్యలో మండువా గుంట, నాలుగు వైపులా లోపలికి వాలిన పెంకులు, ఒక మూల పిల్లి పడుకునే చోటు, అన్నీ ఉంటాయి. గాలి లేని రోజు, పల్చని మబ్బు పట్టిన పూట ఎంచుకోండి. ఎండ ఉంటే నీడలు ముద్దలవుతాయి, గాలి ఉంటే కొబ్బరి మట్టలు పచ్చటి పేడలా అంటుకుని వస్తాయి. వరండా లోపలి భాగం డ్రోన్‌కు అందదు. అక్కడ ఫోనుతో నడుస్తూ తీసి కలుపుకోండి. ఆ ఇంట్లో పుట్టి ఇప్పుడు అమెరికాలోనో ఆస్ట్రేలియాలోనో ఉన్నవాళ్లకు పంపితే ఏం జరుగుతుందో నేను చెప్పనక్కర్లేదు. మీ బావమరిదికి డ్రోన్ వద్దన్నారు గనుక, బదులుగా ఇది పంపండి.

చుట్టాల గ్రూపులో రోజూ పొద్దున శుభోదయం బొమ్మలు వస్తుంటాయి కదా. వాటి మధ్య వారానికోసారి ఒక పొడుపు ఫోటో పెట్టండి: నేరుగా పైనుంచి తీసింది, అదేమిటో వాళ్లు చెప్పాలి. గడ్డిమేటు పైనుంచి చూస్తే పెద్ద పుట్టగొడుగులా ఉంటుంది, ఎండబోసిన ధాన్యం దువ్వెన గీతలు గీసిన బంగారు రేకులా ఉంటుంది. మనవాళ్లు పట్టుదలకు పోతారు.

వానాకాలం మాటేమిటి అంటారా? గాలివాన ఉన్నప్పుడు ఈ డ్రోన్ బయటికి తీయకండి. అప్పటికి మీ అబ్బాయికి ఇంట్లోనే ఎగిరే బుల్లి రకం ఒకటి చూడండి. అరచేతిలో పట్టే, పాతిక గ్రాములైనా ఉండని, రెక్కల చుట్టూ ప్లాస్టిక్ గాజులున్న రకం. కళ్లద్దాల్లాంటి పరికరం పెట్టుకుంటే డ్రోన్ ముక్కు మీద కూర్చుని చూస్తున్నట్టే ఉంటుంది. కుర్చీ కాళ్ల మధ్యనుంచి, వంచి కట్టిన వెదురు బద్దల రింగుల్లోంచి, మంచం కిందనుంచి ఒక దారి పెట్టి, ఎవరు ముందు చుట్టి వస్తారో చూసుకోవడమే. ఒక్కో బ్యాటరీ మూడు నాలుగు నిమిషాలే వస్తుంది, మజా కూడా ఆ తొందరలోనే ఉంది. కొనేముందు కంప్యూటర్‌లో సిమ్యులేటర్ మీద నాలుగు వారాలు నేర్చుకోనివ్వండి. అక్కడ వందసార్లు కూలినా ఖర్చుండదు. వాడికి కోడింగ్ మీద ఇష్టముంటే టెల్లో అనే 80 గ్రాముల డ్రోన్ ఉంది. ఇంత పైకి లే, ఇంత తిరుగు అని పైథాన్‌లో రాస్తే అలాగే చేస్తుంది. నాకు అది కాస్త బడి పాఠంలా అనిపించింది. మీవాడికి ఎలా ఉంటుందో చూడండి.

నియమాలు నాలుగు మాటల్లో. 2021 డ్రోన్ నిబంధనల ప్రకారం 250 గ్రాముల లోపువి నానో తరగతి, వాటిని సరదాకు ఎగరేయడానికి పైలట్ సర్టిఫికెట్ అక్కర్లేదు. ఆకుపచ్చ జోన్‌లో, అంటే ముందస్తు అనుమతి అక్కర్లేని చోట, 120 మీటర్ల వరకే. విమానాశ్రయం చుట్టుపక్కల అనుమతి లేనిదే ఎగరేయకూడని పసుపు, ఎరుపు జోన్లుంటాయి. డిజిటల్ స్కై అనే ప్రభుత్వ వెబ్‌సైట్‌లోని పటంలో మీ ఊరు ఏ రంగులో ఉందో చూసుకోవడానికి రెండు నిమిషాలు పడుతుంది. తప్పుకు జరిమానా లక్ష రూపాయల దాకా ఉంది. సెలవుల్లో ఊళ్లు తిరిగేటప్పుడు ఇంకా జాగ్రత్త: తిరుమల కొండ మీద ఎగరేయకూడదు, విశాఖ తీరంలో నౌకాదళం ఉంది, పాపికొండలు జాతీయ ఉద్యానవనం, పురావస్తు శాఖ కట్టడాలకు వాళ్ల అనుమతి కావాలి. ఆనకట్టల జోలికి అసలు వెళ్లవద్దు. తీర్థంలో జనం మీద తిప్పితే వీడియో బాగుంటుందని ఎవరైనా ఎగదోస్తారు, వినకండి.

పక్కింటి డాబా గురించి కూడా చెప్పాలి. అక్కడ వడియాలు ఎండుతుంటాయి, తలంటుకున్న ఆడవాళ్లు జుట్టు ఆరబెట్టుకుంటుంటారు. మీరు తీసేది ముగ్గే అయినా కింద ఉన్నవాళ్లకు ఆ సంగతి తెలియదు. మొదటిసారి ఎగరేసే ముందు వాళ్లను పిలిచి రిమోట్ స్క్రీన్ చూపించండి, ఎటు చూస్తోందో వాళ్లే చెబుతారు. నేనైతే ఆ ఇంటి పెద్దావిడ చేతికే ఫోటో బటన్ ఇచ్చాను. ఆవిడ వరసగా పదకొండు ఫోటోలు తీసింది, పదకొండూ తన వడియాలవే.

బీరువాలోంచి తీసేటప్పుడు ముందు బ్యాటరీ చూడండి. పొట్ట ఉబ్బి ఉంటే దాన్ని ఇక వాడవద్దు, చెత్తలోనూ వేయవద్దు, ఎలక్ట్రానిక్ వ్యర్థాలు తీసుకునేవారికి ఇవ్వండి. బాగానే ఉంటే ఇకమీదట సగానికి కాస్త పైన ఛార్జి ఉంచి దాచండి. నిండుగా పెట్టి నెలలు వదిలేస్తే ఉబ్బవచ్చు. ఉదయం ఆరు నుంచి ఎనిమిది లోపు మీ వైపు గాలి నిలకడగా ఉంటుంది, మధ్యాహ్నం తర్వాత సముద్రపు గాలి మొదలవుతుంది. ముగ్గుకు ఇంకా రోజులున్నాయి గనుక గట్టు మీది ఫోటోతోనే మొదలుపెట్టండి. ఈ ఆదివారం తూము దిమ్మ దగ్గరికి వెళ్లేటప్పుడు ఒక సుద్దముక్క పట్టుకెళ్లి, డ్రోన్ పెట్టిన చోట గుర్తు గీయండి. వాన పడితే పోతుంది, రెండోసారి వెళ్లినప్పుడు మేకుతో గీసుకుంటారు.